తిరిగి డబ్బాలో పడ్డ ఎర్ర చీటీ

నేను నర్సును, డాక్టర్ని కాదు. ఈ మాట ముప్పై ఒక్కేళ్లు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది తప్ప మా ఊళ్లో ఒక్కరి తలకీ ఎక్కలేదు. ఆరోగ్య కేంద్రంలో తెల్లబట్టలు వేసుకుని కూర్చున్న ప్రతి మనిషీ వాళ్లకు డాక్టరే. రెండు చేతులూ జోడిస్తారు, చెప్పినదానికల్లా తలూపుతారు. అర్థమైందా అని అడిగితే "అర్థమైందమ్మా" అంటారు. అర్థం కాలేదంటే డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుందని మా ఈసాన్ ప్రాంతపు జనానికి మహా మొహమాటం. నేను చూసిన జబ్బులన్నిటికంటే ఆ "అర్థమైందమ్మా" ప్రమాదమైనది. దాని వల్ల ఒక ఇంటికి ఏమైందో చెబుతాను. అందులో నేను, ఈ ప్రనోమ్ నర్సు, చేసిన తప్పు కూడా దాచను.

ముందు ఎర్ర చీటీ సంగతి. ఏటా ఏప్రిల్ మొదటి రోజుల్లో ఇరవై ఒకటో ఏడు వచ్చిన మగపిల్లలంతా మండల ఆఫీసు ఆవరణలో, షామియానా కింద వరసగా కూర్చుంటారు. ఎదురుగా బల్ల మీద ఒక డబ్బా ఉంటుంది. పేరు పిలవగానే లేచి వెళ్లి, ఖాళీ చేయి పైకెత్తి అందరికీ చూపించి, డబ్బాలో పెట్టి ఒక చీటీ తీయాలి. నల్లదొస్తే ఇంటికి, ఎర్రదొస్తే రెండేళ్లు పటాలానికి. తాడు కట్టిన అవతల తల్లులు మెడలో తాయెత్తులు నోట కరచుకుని నిలబడతారు. మైకు పట్టుకున్న ఆఫీసరు మధ్యమధ్య "ఎర్రవి ఇంకా పన్నెండున్నాయి", "ఇంకా ఏడున్నాయి" అని అరుస్తుంటాడు. వరసలో ఉన్నవాళ్లకు ఆ లెక్కే ప్రాణం. ముందువాడికి ఎర్రదొస్తే వాడి తల్లి ఏడుస్తుంది, వెనకవాళ్ల తల్లులు ఊపిరి పీల్చుకుంటారు. మా వైపు మగాళ్లకు అదృష్టం గురించి తెలిసిన లెక్కంతా ఆ డబ్బా దగ్గర నేర్చుకున్నదే.

ఖమ్‌ఫాన్ అని, నేను చెప్పబోయే ఇంటి యజమాని. అతను చీటీకి వెళ్లిన ఏడు ముప్పై ఒక్క ఎర్ర చీటీలు వేశారు. అతని ముందు కూర్చున్నవాడు సనొంగ్, ఒకే ఈడువాడు, ఒకే బళ్లో చదువుకున్నవాడు. "ఎర్రది ఇంక ఒక్కటే" అని మైకులో వినపడ్డాక సనొంగ్ లేచి వెళ్లాడు. ఆ ఒక్కటీ వాడే తీశాడు. వెనకున్న నలభై మంది ఒక్కసారి ఎగిరి గంతేశారు, వాళ్లింక చీటీ తీయనక్కర్లేదు. ఖమ్‌ఫాన్ గంతేసి, మళ్లీ సిగ్గుపడి కూర్చున్నాడట.

సనొంగ్ రెండేళ్లు దక్షిణాన సరిహద్దులో ఉండి, ఒక చెవి వినపడకుండా తిరిగొచ్చాడు. అప్పటినుంచీ ఏటా సోంక్రాన్ పండక్కి ఖమ్‌ఫాన్ అతని చేతుల మీద మల్లెపూల నీళ్లు పోసేవాడు. కొత్త సంవత్సరం నాడు అలా పోసేది తాతలకీ అమ్మమ్మలకీ గురువులకీ. "ఏరా, నన్ను ముసలాణ్ణి చేసేస్తున్నావే!" అని సనొంగ్ ఎకసెక్కాలాడితే, "నువ్వు తీయబట్టే కదరా నేను మిగిలాను" అనేవాడు ఖమ్‌ఫాన్. ఆ డబ్బా విషయంలో అతని లెక్కలో తప్పేమీ లేదు. ముందువాడు తీసుకుపోయిన ఎరుపు వెనకవాడికి రాదు.

ఖమ్‌ఫాన్‌కీ వాన్‌పెన్‌కీ మొదటి కాన్పులో ఆడపిల్ల. పేరు ఫాయ్, అంటే పత్తి. పేరుకు తగ్గట్టే తెల్లగా ఉందని అమ్మమ్మ మురిసిపోయింది. రెండో ఏడు వచ్చేసరికి ఆ తెలుపు తెలుపు కాదని తెలిసింది. పొట్ట ఉబ్బింది, పిల్ల నాలుగడుగులు వేస్తే రొప్పుతోంది. నేనే పట్నంలో పెద్దాసుపత్రికి పంపాను. రక్తం ఒంట్లో నిలవని జబ్బు అన్నారు, నెలనెలా ఎక్కించాలన్నారు. మా వైపు ఈ జబ్బు కొత్త కాదు. తల్లి దగ్గర్నుంచి ఒక లోపం, తండ్రి దగ్గర్నుంచి ఒక లోపం ఒకే బిడ్డలో కలిస్తే వస్తుంది. తల్లిదండ్రులు మాత్రం దుక్కల్లా ఉంటారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ముగ్గురూ నా దగ్గరికొచ్చారు.

"నాలుగింట ఒకటి అన్నారమ్మా డాక్టరుగారు" అన్నాడు ఖమ్‌ఫాన్. "నాలుగు ఏంటి? నాలుగేళ్లా? నాలుగు సీసాల రక్తమా?"

"అక్కడే అడగలేకపోయావా?"

"ఆయన బిజీగా ఉన్నారమ్మా. బయట యాభై మంది ఉన్నారు."

వాన్‌పెన్ పిల్లను ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఆ మనిషికి మాటలు తక్కువ. నేను రెండుసార్లు పాఠంలా అప్పజెప్పాను. ఇద్దరూ తలూపారు. కళ్లలో మాత్రం ఏమీ లేదు. అప్పుడు నా మట్టిబుర్రకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది.

"నువ్వు చీటీకి వెళ్లావు కదా ఖమ్‌ఫాన్? అలాగే అనుకో. డబ్బాలో నాలుగు చీటీలు. మూడు నల్లవి, ఒకటి ఎర్రది. మీకు పుట్టే బిడ్డ చేయిపెట్టి ఒకటి తీస్తుంది. నల్లదొస్తే ఏం లేదు. ఎర్రదొస్తే ఈ జబ్బు."

అతని మొహం విచ్చుకుంది. దుఃఖం తగ్గి కాదు, విషయం తెలిసి.

"అయితే మా ఫాయ్ ఎర్రది తీసిందన్నమాట."

"అవును నాయనా."

పిల్ల చేయి పట్టుకుని అరచేతిలోకి చూశాడు. "ఈ వేళ్లతోనే" అన్నాడు. వాన్‌పెన్ మొహం తిప్పుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి చేతులు జోడించాడు. "ఇప్పుడు బాగా అర్థమైందమ్మా."

ఎంత సులువుగా చెప్పానో అని నేను ఆ రోజంతా మురిసిపోయాను. తీసిన చీటీ తిరిగి డబ్బాలో వేసేస్తారు, ప్రతి బిడ్డకూ మళ్లీ ఆ నాలుగూ ఉంటాయి అన్న ఒక్క మాట అనలేదు. నాకు తెలుసు కనక వాళ్లకూ తెలుసుననుకున్నాను. ఆ ఒక్క మాటకు ఎంత సమయం పట్టేది? దోమ కుట్టినంత సేపు.

ఫాయ్ నా కళ్లముందే పెరిగింది. నెలకోసారి తెల్లారగానే వ్యానెక్కి పట్నం వెళ్లి రక్తం ఎక్కించుకుని వచ్చేది. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుము దిగడానికి పొట్ట మీద సూది పెట్టాలి, వారానికి ఐదు రోజులు. వాళ్లమ్మమ్మ మాత్రం పిల్ల పాలిపోయిందని కార్జం వేపుడు పెట్టేది. కార్జంలో ఉండేదీ ఇనుమేనని నేను ఆ ముసలామెతో ఎన్నిసార్లు గొడవపడ్డానో లెక్కలేదు.

పిల్ల మాత్రం గడుసుది.

"పెద్దమ్మా, నీ సూదికి కళ్లు లేవా? నిన్న పొడిచిన చోటే పొడుస్తోంది."

"నోరు మూసుకుని పడుకో, లేకపోతే నాలిక మీద పొడుస్తా."

"పొడువు. రేపు బళ్లో పద్యం అప్పజెప్పక్కర్లేదు."

బళ్లో పిల్లలు దాన్ని "కప్పపొట్టా" అని ఏడిపించేవాళ్లు. ఒకసారి టీకాలకు బడికి వెళ్లినప్పుడు ఫాయ్ ఇచ్చిన జవాబు నా చెవిన పడింది. "మా ఇంట్లో ఎర్రది నేను తీసేశాను. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. మీ ఇంట్లో ఎవరు తీస్తారో వెళ్లి చూస్కోండి!" అంది, నడుం మీద చేతులు పెట్టుకుని. నేను ఫక్కున నవ్వాను. నవ్వడం తప్ప ఆ మాట ఏమిటని ఆలోచించలేదు.

ఫాయ్‌కి తొమ్మిదో ఏడు. ఆ ఏడాది ఖమ్‌ఫాన్, వాన్‌పెన్ చెరకు కోతకు వెళ్లి, కోత ముగిశాక పండక్కి తిరిగొచ్చారు. నాలుగు నెలలు పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంది, నెలనెలా ముసలామే ఆసుపత్రికి తిప్పింది. సోంక్రాన్ నాడు నన్ను భోజనానికి పిలిచారు. వెళ్లేసరికి, స్తంభాల మీద లేపిన వాళ్లింటి కింద, చాప మీద అమ్మమ్మ చేతుల మీద నీళ్లు పోయడం అయిపోయింది, సనొంగ్‌కీ అయిపోయింది. ఖమ్‌ఫాన్ ఇత్తడి గిన్నె పట్టుకుని మోకాళ్ల మీద వంగి కూర్చున్నాడు. ఎదురుగా పీట మీద ఫాయ్, పెద్ద ముత్తైదువులాగా, రెండు చేతులూ చాపి. తండ్రి కూతురి చేతుల మీద మల్లెపూల నీళ్లు పోస్తున్నాడు.

"ఇదేం చోద్యం? తలకిందులుగా ఉందే!" అన్నాను నవ్వుతూ.

"ఏటా పోస్తాం డాక్టరమ్మా" అన్నాడు ఖమ్‌ఫాన్, తలెత్తకుండానే. "సనొంగ్ నాకోసం తీశాడు. ఫాయ్ తనవెనక వచ్చేవాళ్లకోసం తీసింది. చిన్నదైతే మాత్రం, పెద్దపని చేసింది కదా."

ఫాయ్ మెడ నిటారుగా పెట్టుకుని నన్ను చూసింది. ఆ చూపులో ఉన్న గర్వం ఇప్పటికీ నా కళ్లలోంచి పోదు.

సరిగ్గా అప్పుడే వాన్‌పెన్ వంటింట్లోంచి జిగురన్నం బుట్ట పట్టుకుని వచ్చింది. కడుపు ముందుకుంది. నిండా ఆరు నెలలు.

నేను ఎదురెళ్లి బుట్ట అందుకున్నాను.

"నాకు చెప్పలేదేం?" అన్నాను. "నాలుగో నెలలోపు పెద్దాసుపత్రికి వెళ్తే లోపలి బిడ్డకు పరీక్ష చేస్తారు కదా! చెరకు తోటల్లో నర్సులు లేరా?"

"అడిగారమ్మా అక్కడ" అంది వాన్‌పెన్ నెమ్మదిగా. "ఈయనే అక్కర్లేదన్నారు."

"ఎందుకమ్మా కడుపులో సూదులూ అవీ?" అన్నాడు ఖమ్‌ఫాన్ తేలిగ్గా. "నాలుగింట్లో ఎర్రది ఒకటే కదా. అది బయటికొచ్చేసింది. మిగిలినవన్నీ నల్లవే."

"కాదు ఖమ్‌ఫాన్. ఆ చీటీ తిరిగి డబ్బాలో వేసేస్తారు."

అతను నా మొహం చూసి పకపకా నవ్వాడు. సనొంగ్‌ని మోచేత్తో పొడిచి, మంచి చెవి దగ్గర నోరుపెట్టి, "విన్నావురా? తీసిన ఎర్రచీటీ తిరిగి డబ్బాలో వేస్తారట!" అన్నాడు.

"ఎవడా వేసేది?" అన్నాడు సనొంగ్. "ఏ ఆఫీసరైనా ఆ పని చేస్తే జనం షామియానా గుంజలు పీకి కొట్టరూ?"

అందరూ నవ్వారు. ఫాయ్ కూడా నవ్వింది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ తడి చేతులు చూసి ఆ మాట అక్కడే వదిలేశాను. ఆరో నెల దాటాక చెప్పి చేసేదేముంది, ఆ పిల్ల ముందు ఇప్పుడే ఈ మాట తెంచాలా అనుకున్నాను. నాలుగింట మూడు పాళ్లు మంచే జరుగుతుంది కదా అనుకున్నాను. ఇంటికి నడుస్తూ ఇంకో లెక్క వేసుకున్నాను. వరసగా ఇద్దరికీ ఎర్రది రావాలంటే పదహారింట ఒక పాలే కదా, అంత అన్యాయం జరగదులే అని. ఖమ్‌ఫాన్‌ని ఏమనగలను? ఇంత చదివిన నేనే ఆ ఇరవై నిమిషాల దారిలో అతని పక్కన చేరిపోయాను. మొదటి బిడ్డకు రావడం అయిపోయాక ఇంకా పదహారెక్కడిది? మిగిలింది నాలుగే.

జూలైలో మగపిల్లాడు పుట్టాడు. దిన్ అని పిలుచుకున్నారు. ఎర్రగా, గుండ్రంగా, పనసతొనలా ఉండేవాడు. ఈ జబ్బుకు ఒక మాయదారి గుణం ఉంది. మొదటి ఆరు నెలలూ బిడ్డకు తల్లి కడుపులో ఉన్నప్పటి పాత రక్తమే కాపలా కాస్తుంది, ఏమీ తెలియదు. అందుకే ఆ ఆరు నెలలూ ఆ ఇంట్లో పండగే. ఫాయ్ వాణ్ణి చంకలోంచి దించేది కాదు. పది అడుగులకోసారి ఆయాసంతో ఆగి, మళ్లీ నడిచేది. "మా తమ్ముడికి నల్లది నేనే ఇచ్చాను" అని కనపడినవాళ్లకల్లా చెప్పేది. రోజూ వాడి కింది కన్నురెప్ప లాగి లోపల చూసేది, నేను దానికి చూసినట్టే. అది దాని ఆట.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం ఎండలో ఫాయ్ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. పిల్లవాణ్ణి నా బల్ల మీద కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, అద్దం ఇవ్వు."

అద్దంలో చూసుకుంటూ తన కన్నురెప్ప లాగి చూసుకుంది. తరవాత వాడిది లాగింది. మళ్లీ తనది.

"ఒకటేలా ఉన్నాయా?" అంది.

నేను వంగి చూశాను. వాడి రెప్పలోపల అరటిదవ్వలా తెల్లగా ఉంది.

"అమ్మకు చెప్పావా?"

"లేదు. నువ్వు కాదంటావని ముందు నీ దగ్గరికొచ్చా."

నేను కాదనలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకున్నాను, నా మొహం దానికి కనపడకుండా.

పరీక్ష ఫలితం మూడు వారాలకు వచ్చింది. ఖమ్‌ఫాన్ ఒక్కడే వచ్చాడు. అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. బెంచీ చివర కూర్చుని, "ఎన్ని ఎర్రవి వేశారమ్మా డబ్బాలో?" అన్నాడు. "ఒకటేనన్నావు. రెండొచ్చాయి."

"తప్పు నాది ఖమ్‌ఫాన్. చీటీలని చెప్పాను గానీ మొత్తం చెప్పలేదు. మండల ఆఫీసు డబ్బాలో ముందువాడు ఏం తీశాడో తెలిస్తే వెనకవాడి లెక్క మారుతుంది. బిడ్డల విషయంలో మారదు. ప్రతి బిడ్డకూ డబ్బా మళ్లీ మొదటిలాగే ఉంటుంది. మూడు నల్లవి, ఒక ఎర్రది. ముందు బిడ్డ ఏం తీసినా సరే."

చాలాసేపు వింటూ ఉన్నాడు. తరవాత లేచి చేతులు జోడించాడు.

"అర్థమైందమ్మా" అన్నాడు.

అర్థం కాలేదని నాకు తెలుసు.

మూడు రోజులకు ఫాయ్ సూదికి వచ్చింది. వేళాకోళం లేదు, వంకలు లేవు. చొక్కా పైకి లాగి పడుకుంది. పొట్టంతా నల్లటి చుక్కలు. సూది పెట్టి పట్టీ అంటిస్తుంటే పైకప్పు చూస్తూ అడిగింది.

"పెద్దమ్మా, నేను సరిగ్గా తీయలేదా?"

"ఏంటమ్మా?"

"ఎర్రది. కొంచెమే తీశానేమో. సగం లోపలే ఉండిపోయిందేమో. నేను చిన్నపిల్లను కదా అప్పుడు. మొత్తం తీసుంటే తమ్ముడికి వచ్చేది కాదు."

నా ఉద్యోగంలో చాలా చావులు చూశాను. ఏ చావు దగ్గరా నాకు అంత ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ ఆ పిల్ల మోసింది జబ్బు ఒక్కటే కాదు. ఇప్పుడు దాని పైన ఈ నింద కూడా వేసుకుంది.

మధ్యాహ్నం అన్నం తినేసిన బుట్ట ఖాళీగా ఉంది. మందుల అట్టపెట్టె చింపి నాలుగు ముక్కలు చేశాను. ఒకదానికి ఎర్రమందు పూశాను. బుట్టలో వేసి ఊపాను.

"తియ్యి."

తీసింది. మందు పూయని ముక్క, అంటే నల్లది.

"ఇప్పుడు మళ్లీ వేసెయ్."

"తీసింది వేసేస్తే దొంగాట కదా?"

"మండల ఆఫీసులో దొంగాట. ఇక్కడ ఇదే ఆట. వెయ్యి."

వేసింది. ఊపాను. మళ్లీ నల్లది. మళ్లీ వేసింది. ఎర్రది. మళ్లీ వేసింది. మళ్లీ ఎర్రదే. దాని చేయి బుట్టమీదే ఆగిపోయింది. వరసగా రెండుసార్లు ఎర్రది చూసి ముక్కను అటూ ఇటూ తిప్పింది. ఇంకో ముప్పైసార్లు తీసి ఉంటుంది. నేను వారించలేదు. బయట ఇద్దరు దగ్గుతూ కూర్చున్నారు, వాళ్లనూ పిలవలేదు.

"బుట్టకు ఏమీ గుర్తుండదా?" అంది చివరికి.

"ఉండదు."

"నేను తీసింది కూడానా?"

"అదీ గుర్తుండదు."

ముక్కలు నాలుగూ వరసగా పేర్చింది. ఎర్రదాన్ని కాసేపు విడిగా పెట్టి, మళ్లీ వాటిలో కలిపింది.

"అయితే తమ్ముడిది నా తప్పు కాదు."

"కాదమ్మా. నీదీ కాదు, మీ నాన్నదీ కాదు, ఎవరిదీ కాదు."

"అయితే..." అని ఆగింది. ఆ తరవాతి మాట ఏమిటో నాకు తెలుసు. ఆ మాట రాకుండా ఉంటే నా పింఛనంతా ఇచ్చేసేదాన్ని. "అయితే నేను ఎవరికోసమూ తీయలేదన్నమాట. ఊరికే వచ్చింది."

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఇంటిని ముంచింది నా సగం మాటే కదా. మళ్లీ అలాంటి సగం మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

"ఊరికే వచ్చిందమ్మా" అన్నాను.

ఏడవలేదు. చొక్కా కిందికి లాక్కుని, "ఈ ముక్కలు తీసుకుపోనా?" అని అడిగి, జేబులో వేసుకుని వెళ్లింది.

మళ్లీ సోంక్రాన్ వచ్చింది. వెళ్లాలనిపించలేదు గానీ ఫాయ్ వచ్చి చేయిపట్టుకుని లాక్కుపోయింది. అదే ఇంటి కింద అదే చాప. దిన్ అమ్మమ్మ ఒళ్లో ఉన్నాడు, ఎక్కించిన రక్తంతో బుగ్గలకు కాస్త రంగొచ్చింది, చేతికి ఇంకా పట్టీ ఉంది. నీళ్లు పోయడం మొదలైంది. అమ్మమ్మకు, సనొంగ్‌కు, నాకు. నా చేతుల మీద పోస్తుంటే నీళ్లు చన్నీళ్లే గానీ నాకు మండినట్టుంది.

తరవాత ఖమ్‌ఫాన్ గిన్నె నింపుకుని కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలా రోజుల తరవాత అతని మొహంలో కాస్త కళ కనిపించింది.

"డాక్టరమ్మా, నేను బాగా ఆలోచించాను" అన్నాడు. "మా ఇద్దరికీ చెరో లోపం అన్నావు మొదటిరోజు. అంటే నాదొక ఎర్రది, వాన్‌పెన్‌దొక ఎర్రది. మొత్తం రెండు. పట్నం డాక్టరుగారు ఒకటే లెక్కేశారు, అక్కడ వచ్చింది తేడా. ఇప్పుడు రెండూ బయటికొచ్చేశాయి. ఒకటి ఫాయ్ తీసింది, ఒకటి దిన్ తీశాడు. ఇంక డబ్బాలో అన్నీ నల్లవే. ఇంకొకళ్లు పుడితే మేం పోయాక వీళ్లిద్దర్నీ చూసుకుంటారు."

వాన్‌పెన్ చాప అంచు పీకుతూ కూర్చుంది. చూడగానే నాకు తెలిసిపోయింది, ఈ మాట వాళ్ల మధ్య చాలాసార్లు జరిగింది, ఆమె ఒప్పుకోవడానికి సిద్ధంగానే ఉంది. సనొంగ్ తలూపాడు. అమ్మమ్మ తలూపింది. లెక్క అంత చక్కగా కుదిరింది మరి.

నేను మళ్లీ ఏం చెప్పాలి? రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ చేతులు జోడించాడు.

"చెయ్యి పట్టు తల్లీ" అన్నాడు ఖమ్‌ఫాన్ గిన్నె వంచుతూ.

ఫాయ్ అలవాటుగా చేతులు చాపింది. నీళ్లు పడబోతుంటే వెనక్కి లాక్కుంది. నీళ్లు నేల మీద పడి, మల్లెపూలు మట్టిలో ఆగాయి.

"పోయొద్దు నాన్నా."

"ఏమైందే?"

"నేను ఎవరికోసమూ తీయలేదు. నేను తీసిన ఎర్రది తిరిగి డబ్బాలో పడిపోయింది. తమ్ముడిదీ పడిపోయింది. ఇంకోళ్లు పుడితే వాళ్లకూ ఉంటుంది."

"ఎవరు వేశారే తిరిగి?" ఖమ్‌ఫాన్ గొంతు లేచింది. "ఎవరు వేశారు? వాణ్ణి చూపించు నాకు!"

"ఎవరూ వేయలేదు నాన్నా. ఎవరి డబ్బా వాళ్లకు వేరే. సనొంగ్ మామ డబ్బాలాంటిది కాదు." జేబులోంచి ఆ నాలుగు ముక్కలూ తీసి చాప మీద పెట్టింది. మూడు వారాలు చేతుల్లో నలిగి అంచులు మెత్తబడ్డాయి. "నేను ఇంట్లో నాలుగొందలసార్లు తీశాను. గోడమీద గీతలు పెట్టాను. ఎర్రది వచ్చాక కూడా మళ్లీ ఎర్రది వస్తుంది. నాకోసం ఆగదు."

ఖమ్‌ఫాన్ ఆ ముక్కల వైపు చూడలేదు. కూతురి చేతుల వైపు చూశాడు. ఏటా తను నీళ్లు పోసిన ఆ చేతులు వెనక దాక్కున్నాయి. అతనికి ఆ లెక్క నా మాటతో ఎక్కలేదు, గీతలతో కూడా ఎక్కి ఉండేది కాదు. ఆ పిల్ల తనకున్న ఒకే ఒక్క గౌరవాన్ని వద్దనడం చూశాక ఎక్కింది. గిన్నె కింద పెట్టేశాడు.

"అయితే నీకు ఇన్నేళ్లూ... ఈ సూదులూ అవీ..." అన్నాడు.

"ఊరికే వచ్చింది నాన్నా" అంది ఫాయ్. నేనన్న మాటే, నా గొంతుతోనే. "మళ్లీ పుడితే ముందే పరీక్ష చేయించండి. లేకపోతే వద్దు."

"ఇప్పుడు అర్థమైంది" అన్నాడు ఖమ్‌ఫాన్. నాకు చేతులు జోడించలేదు. అప్పుడు నమ్మాను.

సనొంగ్ తన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. అప్పుడు వాన్‌పెన్ లేచింది. పదేళ్లలో ఆమె నలుగురి ముందు గొంతెత్తడం నేను చూడలేదు. గిన్నె తీసుకుని కడవలోంచి నీళ్లు ముంచుకుంది. మట్టిలో పడ్డ మల్లెపూలు ఏరి కడిగి అందులో వేసింది. కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"చేతులు పట్టు."

"ఎందుకమ్మా? నేనేం చేశానని?"

"ఏం చేయలేదు. ఊరికే పోస్తాను. పట్టు."

ఫాయ్ కదల్లేదు. వాన్‌పెన్ ఆ చేతులు తనే ముందుకు లాగి, ఒడిలో పెట్టుకుని, కొంచెం కొంచెంగా నీళ్లు పోసింది. ఎనిమిదేళ్ల సూదులకు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి, చిన్నపిల్ల ఏడ్చినట్టు.

ఆ ఇంట్లో మూడో బిడ్డ పుట్టలేదు. ఫాయ్ పదహారో ఏట, వానాకాలం మొదట్లో, పేరుకున్న ఇనుముతో గుండె ఆగి చనిపోయింది. దిన్ నెలనెలా వ్యానెక్కి పట్నం వెళ్తూనే ఉన్నాడు. సోంక్రాన్ నాడు వాన్‌పెన్ వాడి చేతుల మీద నీళ్లు పోస్తుంది. ఎందుకు పోస్తావని వాడు అడిగితే, ఊరికే అంటుంది.